పొద్దు పొడవకముందే తెంపిన నేల ఉసిరి

ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ ఆయుర్వేద దవాఖానల్లో కొత్తగా ఫార్మసిస్టులుగా చేరినవాళ్లు. వరంగల్ చుట్టుపక్కల మొలిచే గడ్డీగాదం అంతా ఈమెకు పేరుపేరునా తెలుసని నా గురించి ఎవరో చెప్పారట. "మాకు మొక్కలు గుర్తుపట్టుడు జర నేర్పండి మేడమ్" అన్నారు. రిటైరైన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? వెంటనే పెరట్లోకి తీసుకుపోయాను. కుండీల పక్కన, ఎవరూ పిలవకుండానే మొలిచిన నేల ఉసిరి ఉంది. పాఠం మొదలుపెడదామని నేను గొంతు సవరించుకునేలోపే ఒకమ్మాయి ఫోన్ తీసి, ఫొటో కొట్టి, దాని లాటిన్ పేరు గడగడా చదివేసింది. ఆ పేరు తప్పులేకుండా పలకడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. కుళ్లుకోలేదంటే అబద్ధమవుతుంది.

"ఇంకేముంది నా దగ్గర నేర్చుకోవడానికి?" అన్నాను. పాపం మంచి పిల్లలు, నా మొహం చూసి ఫోన్ సంచిలో పెట్టేశారు. టీ పెట్టి ఇచ్చి, ఇదే మొక్కను నేను ఏ పొరపాటూ లేకుండా గుర్తుపట్టిన ఒక రోజు గురించి వాళ్లకు చెప్పాను. ఆ రోజు నా జవాబు నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ దానివల్ల ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషికి ఏ మేలూ జరగలేదు, పైగా ఇంకో మనిషి చిక్కుల్లో పడ్డాడు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలకు కూడా పనికొస్తుందేమో చూడండి.

నా మొదటి పోస్టింగ్ ఏటూరునాగారం వైపు. అక్కడి డాక్టరుగారికి ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం రోగులు పలచబడగానే గొడుగు పట్టుకుని "రా అమ్మా, నడుద్దాం" అనేవారు. దారి పొడుగునా కనిపించిన ప్రతి ఆకునూ తెంపి నా చేతిలో పెట్టేవారు. నలిపి వాసన చూడు, వెనక్కి తిప్పి చూడు. పేరు మాత్రం ఆయన చెప్పేవారు కాదు, నేనే చెప్పాలి. తప్పు చెబితే కోప్పడకుండా నవ్వేవారు, అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి పరుపు కింద అణిచేదాన్ని. "నేను మంచం మీద పండుకున్ననా, అడివిల పండుకున్ననా" అని మా ఆయన సణిగేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు తడి ఆకుల వాసన తగులుతుంది. నా ఉద్యోగంలో నేను చాలా సంతోషంగా ఉన్న కాలం అదే.

చివరి పోస్టింగ్ మట్టెవాడలో. ఒక పాత ఇంటిని కిరాయికి తీసుకుని నడిపే చిన్న దవాఖాన. ముందు గది డాక్టరుది, వెనక గదిలో నేనూ నా డబ్బాలూ. మధ్యలో వసారా. అక్కడ బెంచీల మీద రోగులు కూర్చునేవాళ్లు. డాక్టరు వయసులో నా కూతురంత పిల్ల, హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చిన కొత్తలో "కడుపుల గడబిడ అయితాంది" అని ఒక ముసలమ్మ అంటే ఎవరితో గొడవ జరిగిందని అడిగింది. ఆ తర్వాత చాలా త్వరగా నేర్చుకుంది, మంచి డాక్టరైంది. రోగులు ఆమెను డాక్టరమ్మ అనేవాళ్లు, నేనూ అంతే.

ఇక దవాఖానను నిజంగా నడిపిన మనిషి మా అటెండర్. ఆమెను అందరూ ఆయమ్మ అని పిలిచేవాళ్లు. కైకిలి, అంటే కూలిపని, చేసుకునే ఇంట్లో పుట్టి, పెళ్లై మట్టెవాడకు వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. తాళం తీసేది, ఊడ్చేది, లైను నిలబెట్టేది, నేను తూచిన చూర్ణాన్ని పొట్లాలు కట్టేది అంతా ఆమే. "ఓ పెద్దమ్మా, లైన్ల నిలవడు. మందేం ఉరికి పోదు" అని ఆమె అరిస్తే పక్క గల్లీ దాకా వినపడేది. పేపర్ల మధ్య ఆకులు సర్దుకుంటూ నేను కనిపిస్తే చాలు, "మేడమ్, ఆకులకు ఇస్త్రీ అయిందా, జర నా చీరె కూడ పెట్టుండ్రి" అని నవ్వేది. పదిమందిలో మేడమ్ అనేది, ఇద్దరమే ఉన్నప్పుడు అక్కా అనేది. నాకు చెల్లెళ్లు లేరు. ఆమె అలా పిలిచినప్పుడల్లా లోపల ఎంత హాయిగా ఉండేదో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒక వానాకాలం, పత్తి మోకాలెత్తు పెరిగిన రోజుల్లో, ఆయమ్మ అరుపులు తగ్గాయి. మెట్లెక్కితే ఆయాసం, అన్నం చూస్తే వికారం. డాక్టరమ్మ ఆమె కింది రెప్ప లాగి చూసి, కళ్లు పచ్చగా ఉన్నాయని, వెంటనే రక్తపరీక్షకు పంపింది. కామెర్లే. నేల ఉసిరి చూర్ణం రాసిచ్చి, ఇంటిపట్టున ఉండమని, కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. ఆయమ్మ బుద్ధిగా తలూపింది. మందు తీసుకుని వెళ్లింది. వెళ్లింది ఇంటికి కాదని మాకు తెలియదు.

ఆమె పుట్టినూరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర. అక్కడ ఒక సాయిబు తాత కామెర్లకు మందు పోస్తాడు. వాళ్ల నాన్న పోసేవాడు, ఆయన నాన్న కూడా పోసేవాడట. మా పుట్టినూరు కూడా ఆ దాపుల్లోనే కాబట్టి నాకు ఆ ఇల్లు బాగా తెలుసు. చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే మా నాయిన నన్ను బండిలో తీసుకుపోయింది అక్కడికే. పైసలు తీసుకోరు. ఇష్టముంటే ఇంత చక్కెర తీసుకుపోయి దర్గాలో ఇవ్వాలి, అంతే. ఆ మందుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. ముందురోజు పొద్దుగూకేలోపు వెళ్లి ఆయన వాకిట్లో పడుకోవాలి. ఆయన పొద్దు పొడవకముందే లేచి, ఎవరితో మాట్లాడకుండా చేను గెట్టుకు, అదే గట్టు మీదికి, వెళ్లి నేల ఉసిరి తెంపుకొస్తాడు. మనిషి నీడ ఆకు మీద పడకూడదు, పడితే గుణం పోతుందని నమ్మకం. అందుకే చీకటి ఉండగానే తెంపాలి. ఇనుము తగలకూడదు, నీళ్లతో కడగకూడదు. రాతి మీద నూరి మేకపాలల్లో కలిపి పరగడుపున తాగిస్తాడు. మర్నాటి పూటకు ఇంత ఆకు తడిగుడ్డలో కట్టి ఇంటికి పంపుతాడు.

మూడోనాడు పొద్దున మేము తలుపులు తీసేసరికి ఆయమ్మ భర్త ఆటో గుమ్మం ముందుంది. మనిషి మొహంలో నెత్తురు లేదు. చేతిలో ఒక గుడ్డమూట.

"మేడమ్, ఇగో, గా సాయిబు ఇచ్చిన ఆకు. దీంట్ల ఏం ఇషముందో జర చూడుండ్రి. నా పెండ్లాం సచ్చేటట్టున్నది."

మాట మాటకూ ఆగుతూ జరిగింది చెప్పాడు. ఆయమ్మ నిన్న తెల్లవారుజామున సాయిబు దగ్గర మందు తాగి పుష్‌పుల్ రైలెక్కి ఇంటికొచ్చింది. మధ్యాహ్నానికి నోట్లో మంట మొదలైంది, సాయంత్రానికి వాంతులు. రాత్రికల్లా పెదాలు, నాలుక, గొంతు అంతా పొక్కులు, గుటక పడటం లేదు. పెద్దాసుపత్రిలో చేర్చాడు. ఏం తాగిందో తెలిస్తే వైద్యం తేలికవుతుందని, ఆ ఆకు ఉంటే ఎవరికైనా చూపించి పేరు కనుక్కోమని అక్కడి డాక్టర్లు చెప్పారు. ఈలోగా ఆయమ్మ తమ్ముడు ఊళ్లో ఫిర్యాదు చేశాడు, సాయిబు తాతను ఠాణాలో కూర్చోబెట్టారు.

మూట అందుకుని ముడి విప్పాను. లోపల ఏముండాలని నేను కోరుకున్నానో మీకు నిజం చెబుతాను. ఏదో ఒక తప్పు ఆకు కనిపించాలని కోరుకున్నాను. ఒక్క ఉమ్మెత్త ముక్కైనా, ఇంకేదైనా. అప్పుడు దాని పేరు రాసి ఆసుపత్రికి పంపితే పని అయిపోతుంది. వసారాలో రెండు బెంచీలు జరిపించి, పేపర్లు పరిచి, మూటలోని మొక్కల్ని ఒక్కొక్కటిగా విడదీసి వరసగా పేర్చాను. రోజంతా చీకట్లో, తడిలో ఉన్న ఆకులు ముడుచుకుని ఉన్నాయి. నేల ఉసిరి స్వభావమే అది, చీకటి పడితే ముడుచుకుంటుంది. ఒక్కో రెమ్మా వెనక్కి తిప్పి చూశాను. కింద వరసగా ఆవగింజల్లాంటి పచ్చటి కాయలు. కాడ పచ్చగా సన్నగా ఉంది. దీన్నే పోలిన ఎర్ర కాడ రకం ఒకటుంటుంది, అదీ కాదు. మొదటి రెమ్మ నుంచి చివరి రెమ్మ దాకా అన్నీ నేల ఉసిరే. గడ్డిపోచ కూడా కలవలేదు. సాయిబు తాత పని అంత శుభ్రం.

"ఖచ్చితంగానా మేడమ్?" అంది డాక్టరమ్మ.

"నా పేరు తప్పు చెప్తనేమో గానీ దీని పేరు తప్పు చెప్పను" అన్నాను. బాధలో ఉన్నా ఆ మాట అంటున్నప్పుడు కొంచెం గర్వంగానే ఉంది. ఏం చేస్తాం, అలవాటు.

రోగుల్ని చూడటానికి డాక్టరమ్మ దవాఖానలోనే ఉండిపోయింది, నేను ఆటోలో ఆసుపత్రికి వెళ్లాను. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, రాత్రంతా నిద్రలేని కళ్లు. నేను చెప్పింది శ్రద్ధగా విన్నాడు. "నేల ఉసిరి తాగితే నోరిట్లా కాలదు కదమ్మా" అన్నాడు. కాలదన్నాను. "ఆకు మంచిదే అయితే మరి ఇంకేదో తాగి ఉండాలి" అంటూ ఆయమ్మ భర్త వైపు తిరిగాడు. "ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా? బాత్రూం కడిగే యాసిడ్ లాంటివి ఉంటాయా మీ ఇంట్లో?"

ఆ మనిషి ముందు ఆ ప్రశ్నను అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకున్నాడు. "మా ఇంట్ల లొల్లేం లేదు సారూ. ఆమె నన్ను తిడ్తది, నేను పడ్త. గంతే సారూ" అన్నాడు. డాక్టరును తప్పుపట్టలేను, అడగడం ఆయన పని. కానీ నేను చెప్పిన సరైన జవాబు సాయిబు తాత మెడ మీద ఉన్న బరువును తీసి తెచ్చి ఈ ఆటో డ్రైవరు మెడ మీద పెట్టింది. అది నా కళ్ల ముందే జరిగింది.

లోపలికి వెళ్లి ఆయమ్మను చూశాను. పెదాలు వాచి, మనిషి ఆనవాలు పట్టేలా లేదు. లైన్లో నిలబడమని అరిచే ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. "ఇంట్లో వేరే ఏమన్న తాగినవానే?" అని అడిగాను. లేదని తల అడ్డంగా ఊపింది. నా చేయి పట్టుకుని వదల్లేదు. నాకు ఏడుపు వచ్చింది, ఆమె ముందే ఏడ్చాను. ఆమె ఇంకో చేత్తో నన్ను ఊరుకోమన్నట్టు తట్టింది.

దవాఖానకు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాన వెలిసి చాలా రోజుల తర్వాత గట్టి ఎండ కాసింది. వసారాలో పేర్చిన మొక్కల్ని ఎవరూ కదిలించలేదు. తీసి దాచిపెడదామని దగ్గరకు వెళ్లి ఆగిపోయాను.

ఒక బెంచీ గోడ పక్కన నీడలో ఉంది. దాని మీది మొక్కలు వాడిపోయి ఉన్నాయి గానీ పచ్చగానే ఉన్నాయి. రెండో బెంచీ మీద ఎండ పడుతోంది. దాని మీది ఆకులు మాడిపోయి ఉన్నాయి. ఎండినవి కావు, మాడినవి. అక్కడక్కడా తెల్లగా, గోధుమరంగుగా, నిప్పురవ్వలు పడ్డట్టు మచ్చలు. నేను జీవితంలో ఎంత నేల ఉసిరి ఎండబెట్టి ఉంటానో లెక్కలేదు. ఎండలో పెడితే అది మెల్లగా ముదురు పచ్చగా అవుతుంది, పెళుసుబారుతుంది. ఇలా ఒక్క పూటలో కాలదు. ఒకే గుడ్డలో ఒకే మూటగా వచ్చిన మొక్కలవి, తేడా అంతా ఎండకే.

ఇది ఫార్మసిస్టుకు తెలిసిన విషయం కాదు. ఎవుసం చేసే ఇంట్లో పుట్టాను కాబట్టి తెలిసింది. మా అన్న చేనులో గడ్డిమందు, అంటే కలుపును చంపే మందు, కొట్టిన మర్నాడు గెట్లు ఇలాగే ఉంటాయి. ఆ రకం మందుకు ఎండ కావాలి. పొద్దుగూకే వేళ కొడితే తెల్లారేదాకా గడ్డి పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది, ఎండెక్కాకే మాడటం మొదలవుతుంది. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొద్దున దానికి ఒక ఘాటు వాసన ఉంటే ఆటోలో డీజిలు తగిలిందనుకున్నాను. అది డీజిలు కాదు.

"డాక్టరమ్మా, ఉన్నపళంగా ఇటు రండి" అని కేకేశాను. ఆయమ్మ కేకంత పెద్దగా వచ్చిందట, బెంచీ మీది రోగులు కూడా లేచి నిలబడ్డారు.

డాక్టరమ్మ రెండు బెంచీల మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది. నేను చెప్పింది పూర్తయ్యేలోపే ఆసుపత్రికి ఫోన్ కలిపింది. గడ్డిమందు కడుపులోకి పోతే మూత్రపరీక్షలో తెలుస్తుందట. చేశారు. తెలిసింది. ఆకుకు అంటుకున్న మందే కాబట్టి లోపలికి పోయింది కొంచెమేనని, అయినా మూత్రపిండాలనూ ఊపిరితిత్తులనూ కనిపెట్టుకుని ఉండాలని, ఇక దానికి తగ్గట్టు వైద్యం చేస్తామని డ్యూటీ డాక్టరు చెప్పాడు. ఆయమ్మ భర్తతో కూడా ఫోన్లో మాట్లాడి, పొద్దున అలా అడిగినందుకు ఏమనుకోవద్దన్నాడట. ఆ చిన్నవాడి మీద నాకు చాలా గౌరవం కలిగింది.

సాయంత్రం ఆయమ్మ భర్తా నేనూ ఘన్‌పూర్ వైపు బయల్దేరాం. ఠాణాలో చెప్పాల్సింది చెప్పాలి కదా. దారి పొడుగునా అతను "ముసలోన్ని ఇడిచిపెట్ట మేడమ్, కాళ్లు ఇరగ్గొడ్త" అంటూనే ఉన్నాడు. భార్య మంచంలో ఉన్నప్పుడు ఆ మాత్రం కోపం లేకపోతే ఎలా?

సాయిబు తాత ఠాణా వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఏమీ అన్నట్టు లేదు, పక్కన టీ గ్లాసు కూడా ఉంది, తాగలేదు. నేను వాళ్ల నాన్న చేతి మందు తాగిన పిల్లనని చెప్పుకున్నాను. ఆయన అది వినిపించుకోలేదు. ఆయమ్మ భర్త వైపు చూస్తూ, "పిల్ల ఎట్లున్నది బిడ్డా? బతుకుతది గదా?" అన్నాడు.

కాళ్లు విరగ్గొడతానన్న మనిషి వెళ్లి తాత పక్కన ఆ బల్ల మీదే కూర్చున్నాడు.

ఆకు తప్పు కాదని, నేను చూశానని తాతతో చెప్పాను. ఆయన మొహంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. "నా కండ్లు ఇంక పోలే బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత గడ్డిమందు సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆ గెట్టు ఎవరిదని కానిస్టేబుల్ అడిగితే చెప్పాడు. చేను యజమానిని పిలిపించారు. వయసులో ఉన్న రైతు, చెప్పులకు మట్టితో అలాగే వచ్చాడు.

"మొన్న పొద్దుగూకంగ కొట్టిన సారు, గెట్ల మీదికెల్లి. పొద్దంత గాలి ఉండె, అందుకే మాపటికి కొట్టిన" అన్నాడు. తాతను చూసి, "కలుపుకు కైకిలోళ్లు యాడ దొర్కుతాండ్లు తాతా? అందరు టౌనుకే పోతాండ్లు. నువ్వు గీడికే వస్తవని నాకేం తెలుసు? చీకట్ల వస్తవు, చీకట్ల పోతవు. ఎవ్వలితోటి మాట్లాడవు. నువ్వొచ్చేది నేను ఎన్నడన్న చూసిన్నా?" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పేముంది? మాట్లాడకూడదన్నది తాత కట్టుబాటు, ఆయన నాన్న నాటి నుంచి వచ్చింది. ఒక్క మాట మాట్లాడి ఉంటే రైతు చెప్పేవాడు. ఎండెక్కాక వెళ్లి ఉంటే ఆకే చెప్పేది.

తాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఆకు తడిగుండె. మబ్బుల జల్లు పడ్డదనుకున్న" అన్నాడు. "ఎనుకట గీ గెట్లల్ల కలుపు తీసేటోళ్లు నేల ఉసిరిని పీకకపోయేది. సాయిబుకు కావాలె, ఉండనియ్యని ఇడిచిపెట్టేది. నీ అత్త కూడ గట్లనే ఇడిచిపెట్టేది బిడ్డా." చివరి మాట ఆయమ్మ భర్తతో అన్నది. ఆయమ్మ తల్లి ఆ చేలల్లోనే కలుపు తీసిన మనిషి.

ఆ తర్వాత తాత నా వైపు తిరిగాడు. "నీడ పడొద్దని చీకట్ల పోయిన. ఆకుకు ఏం కావద్దని పోయిన బిడ్డా. పిల్లకే అయిపాయె." ఆయన ఏడవలేదు. నేనే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఫిర్యాదు ఇక వద్దని ఆయమ్మ భర్త కానిస్టేబుల్‌తో చెప్పాడు. తిరుగు దారిలో తాతను ఆటోలోనే వాళ్ల ఇంటి దగ్గర దింపాం.

ఆయమ్మ చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. మధ్యలో ఒకసారి మూత్రం తగ్గిపోయి అందరం భయపడ్డాం. డాక్టరమ్మ రోజూ డ్యూటీ అయ్యాక వెళ్లి అక్కడి డాక్టర్లతో మాట్లాడి వచ్చేది. ఆయమ్మ లేని దవాఖానలో లైను లైనులా ఉండేది కాదు, పొట్లాలు నేను కడితే ఊడిపోయేవి. ఒకరోజు నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉంది. గొంతు ఇంకా బొంగురే, కానీ మాట వస్తోంది. తిట్టాల్సిన తిట్లన్నీ నేను అప్పటికే కూడబెట్టుకుని ఉన్నాను.

"దవాఖానల పని చేస్కుంట, డాక్టరమ్మ రాసిచ్చిన మందు చేతుల పెట్టుకోని, గా ఊరికెందుకు పోయినవే?"

"ఏం చేయమంటవు అక్కా" అంది. "గా పొట్లం నా చేత్తోటి నేనే కట్టుకుంటి. నేను కట్టుకున్నది నాకు మందెట్ల అయితది? ఎవలన్న ఇస్తేనే గదా హస్తవాసి."

వార్డులో పక్క మంచాల వాళ్లు తిరిగి చూసేంతగా నవ్వాను. నవ్వుతుంటే ఆమెకూ నవ్వొచ్చింది, పొక్కులు మానని పెదాలు లాగి "నవ్వియ్యకే తల్లీ" అని మూతికి చేయడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆమెకు ఇవ్వాల్సిన ఏ మందైనా నేనే కట్టి, నేనే ఆమె చేతిలో పెట్టేదాన్ని.

సాయిబు తాత మందు పోయడం మానేశాడు. ఎవరొచ్చినా ముందు రక్తపరీక్ష చేయించుకొమ్మని, ఆ తర్వాత మా దవాఖానకు పొమ్మని చెప్పి పంపేవాడు. వచ్చినవాళ్లు మొహం మాడ్చుకుని వచ్చేవాళ్లు, తాత పోయనన్నాడని. మరుసటి వానాకాలం తానే ఒకసారి వచ్చాడు, పొరుగింటి మనిషిని వెంటబెట్టుకుని. లైన్లోనే నిలబడ్డాడు. ఆయమ్మ ఆయన్ని చూసి బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఇద్దరూ ఆ రోజు సంగతి ఎత్తలేదు.

డాక్టరమ్మ చూసి రాసిచ్చాక నేను నేల ఉసిరి చూర్ణం కొత్త డబ్బా తెరిచి తూచబోయాను. తాత కిటికీ దగ్గరకు వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఇది యాడిది బిడ్డా?"

"సర్కారు సప్లయి తాతా. పరీక్ష చేసే పంపుతరు."

"గది సరే. ఏ గెట్టుది?"

డబ్బా తిప్పి చూశాను. బ్యాచి నంబరు ఉంది, గడువు తేదీ ఉంది, నిలవ ఉంచాల్సిన పద్ధతి ఉంది. ఆయన అడిగింది లేదు. "తెల్వదు తాతా" అన్నాను. ఆయన కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఉన్న పొరుగాయన మందు తీసుకోవాలా వద్దా అన్నట్టు ఆయన మొహం వైపు చూస్తున్నాడు. తాత మొహంలో ఆ రోజు ఠాణాలో చూసిన చూపే కనిపించింది.

ఆయమ్మ నా గదిలోకి వచ్చింది. నా చేతిలోంచి డబ్బా తీసుకుని, ఒక చిటికెడు చూర్ణం తన నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. కాసేపయ్యాక కళ్లు తెరిచి, "మంచిగనే ఉన్నది, తీస్కపో తాతా" అంది. తాత తలూపాడు. పొట్లం అందుకుని పొరుగాయన చేతిలో పెట్టాడు.

వాళ్లు వెళ్లాక నాకు కోపం వచ్చింది. భయం వల్ల వచ్చిన కోపం. "గట్ల నాలుకకు తెలిసేదానే అది? ఆ రోజు తాగినప్పుడు నీకేమన్న తెలిసిందా?"

"తెల్వలే. తెల్వకనే గదా తాగిన."

"మరి ఇప్పుడెట్ల తెలుస్తది?"

"ఇప్పుడు కూడ తెల్వది అక్కా" అంది, డబ్బా మూత బిగిస్తూ. "కాలితే ముందుగాల నాది కాలుతది. గంతే."

చీపురు తీసుకుని వసారా ఊడవడానికి వెళ్లిపోయింది. లైన్లో నిలబడమని ఎవరి మీదో అరుస్తోంది. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా ఆమె రాకముందే మూత తీసి, మొదటి చిటికెడు నేనే నోట్లో వేసుకునేదాన్ని.